ఇంటికి పగ్గాలేసిన భాగమ్మ

వైశాఖంలో తాండూరు ఆకాశం పొద్దున సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. మధ్యాహ్నం తిరిగేసరికి పడమటి అంచున ఒక మరక కనిపిస్తుంది. అది మబ్బో దుమ్మో తేలేలోపే సేడం వైపు నుంచి గాలి లేస్తుంది. రాతి గనుల్లో పనిచేసేవాళ్లు దాన్ని కళ్లకన్నా ముందు నాలుకతో పసిగట్టేవారు. పొద్దంతా నోట్లో ఉండే రాతిపొడి రుచి ఉన్నట్టుండి మారేది, దానిలో దూరపు వాన కలిసేది. ఆ రుచి తెలియగానే సమ్మెటలు కింద పడేసి అందరూ ఇళ్లవైపు పరుగెత్తేవారు. పరుగెత్తింది లోపల దాక్కోవడానికి కాదు, కప్పు మీద రాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి.

రాయి అక్కడ దండిగా ఉండేది. రెండడుగులు తవ్వితే చాలు, పుస్తకంలో పుటల్లా ఒకదాని కింద ఒకటి నాపరాళ్లు. గోడ రాయి, గడప రాయి, నీళ్ల తొట్టి రాయి. కలిగినవాళ్లు దూలాల మీద రాయే పరిచి మిద్దెలు వేసుకున్నారు. అంత దూలాలు తేలేనివాళ్లు మొదట గడ్డి కప్పుకున్నారు, తర్వాత రేకులు వేసుకున్నారు. రేకు ఎగిరిపోకుండా దాని మీద ఏం పెట్టాలన్న ప్రశ్నకు కూడా వాళ్ల దగ్గర ఒకటే జవాబు. ఈ ఏడు గాలి రేకును లేపితే వచ్చే ఏడు ఇంకా పెద్ద రాయి. వేసవి వేసవికీ కప్పులు బరువెక్కేవి, గాలి మాత్రం తన పని తాను చేసుకుపోయేది.

భాగమ్మది కోట్‌పల్లి. పెళ్లయి తాండూరు వచ్చి, గనిలో రాళ్లు మోసే పనిలో కుదిరింది. ఆమె పెనిమిటి భీమయ్య రాయి చీల్చేవాడు. చీల్చేముందు సుత్తితో బండను మెల్లగా తట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల పగులు ఉంటే రాయి మొద్దుగా పలుకుతుంది, నిండుగా ఉంటే కంచులా పలుకుతుంది. భీమయ్య తట్టి చెప్పిన రాయి ఎప్పుడూ తప్పుగా చీలలేదని గనిలో పేరు. నిజాం సర్కారు పోయిన 1948లో ఇద్దరూ కలిసి గని ఒడ్డున మేస్త్రీతో గోడలు లేపించి గడ్డి కప్పుకున్నారు. మూడేళ్లకు ఆ గడ్డి తీసేసి, పాత మిల్లు విప్పినప్పుడు దొరికిన రేకులు వేసుకున్నారు. ఆ రేకుల మీద భీమయ్య తన చేత్తో చీల్చిన ఎనిమిది రాళ్లు వరసగా పేర్చాడు. భాగమ్మ కింద నిలబడి చూసి మురిసిపోయింది. చెరువు గట్టు మీద కొంగలు వాలినట్టున్నాయని కూడా అంది.

1953లో గాలి లేచినప్పుడు భీమయ్య ఆ ఊళ్లో మగవాళ్లందరూ చేసే పనే చేశాడు. ఇంట్లోకి పోయి, రెండు చేతులా వాసాన్ని పట్టుకుని వేలాడాడు. మనిషి బరువు కలిస్తే కప్పు ఆగుతుందని అందరి నమ్మకం. కప్పు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చినట్టు పైకి లేచింది. అతని కాళ్లు నేలను వదిలాయి. రెండు రేకుల మధ్య తెల్లటి వెలుగు చీలిక కనిపించింది. ఆ చీలికలోంచి ఒక రాయి జారి అతని నడుము మీద పడింది. గాలి వెలిశాక భాగమ్మ ఆ రాయిని పక్కకు దొర్లించినప్పుడు, దాని అంచున భీమయ్య ఉలి గంట్లు వరసగా కనిపించాయి.

వికారాబాద్ ఆసుపత్రిలో మూడు నెలలు ఉండి వచ్చాడు. ప్రాణం దక్కింది గానీ నడుము కింది భాగం అతని మాట వినడం మానేసింది. చేతులు బాగానే ఉన్నాయి, చెవులూ బాగానే ఉన్నాయి. మంచం మీద పడుకుని ఇంటి కప్పును చూడటమే ఇక అతని పొద్దు.

ఎగిరిపోయిన రేకులు వెతికి తెచ్చి, మళ్లీ రాళ్లు పెట్టి, ఇల్లు ముందరిలాగే చేశారు. వేరే దారి ఎవరికీ తెలియదు. అందుకని ఆ తర్వాత గాలి లేచినప్పుడల్లా వాడలో నలుగురు మగవాళ్లు పరుగున వచ్చి, భీమయ్యను మంచంతో సహా ఎత్తి, వీధి చివరి షావుకారి మిద్దెలోకి మోసుకుపోయేవారు. ఎంత మంచి మనుషులైనా మోసే తీరు ఒకటే. మంచం నాలుగు కోళ్లకు నలుగురు, అడుగులో అడుగు.

ఒకనాడు అలా మోస్తుండగా భీమయ్య కళ్లు మూసుకుని అన్నాడు:

"బతికుండంగనే నలుగురు మోస్తున్నరు. ఇప్పటిసందే అలవాటు చేస్తున్నరార నన్ను?"

మోసేవాళ్లు నవ్వారు. ఒకడు, "బరువు జర తగ్గు మామా, గప్పటికి మేం గూడ ముసలోళ్లమైతం," అన్నాడు. వెనక వస్తున్న భీమయ్య తల్లి ఎంకమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. భాగమ్మ చేతిలో నీళ్ల చెంబుతో పక్కనే నడుస్తోంది. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ఆ మాట ఆమె లోపల ఒక చోట దిగి అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి ఈ మనిషిని గాలికి భయపడి ఎవరూ మోయకూడదు. ఎలాగో ఆమెకు తెలియదు. మోయకూడదు, అంతే.

ఆ ఎలా అన్నది ఆమెకు కంది కళ్లంలో దొరికింది.

1955 మాఘంలో అన్న చేను కోతలకని కోట్‌పల్లి పోయింది. కళ్లంలో పీట మీద నిలబడి కందులు తూర్పారబడుతోంది. పొట్టు గాలిలో బంగారు పొగలా దూరంగా తేలిపోతోంది, గింజలు కాళ్ల దగ్గర ఎర్రటి చినుకుల్లా రాలుతున్నాయి. ఖాళీ చేటను పక్కనున్న రెండు రాళ్ల మీద బోర్లా పెట్టి, పోకుండా దాని మీద గులకరాయి ఉంచి, నీళ్లు తాగడానికి దిగింది. చెంబు నోటి దగ్గర పెట్టుకునేలోపే చేట ఒక అంచున లేచి, రాయిని దొర్లించి, తాను ఎగిరిపోయింది.

భాగమ్మ చెంబు దించింది. చేటను తెచ్చి మళ్లీ అలాగే పెట్టి, ఈసారి పిడికెడంత రాయి ఉంచింది. కొంచెం ఆలస్యమైంది గానీ అదే జరిగింది. పెద్ద రాయి పెట్టింది. చేట లేచింది, పెద్ద రాయి పెద్ద చప్పుడుతో పడింది.

"ఏందే, చేటతోని ఆటలాడుతున్నవా? పొద్దు గూకుతున్నది," అంది వదినె.

"ఆగు వదినె, జరసేపు."

భాగమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. రాయి తీసేసి, చేట రెండు అంచులనూ రెండు బొటనవేళ్లతో కిందికి అదిమి పట్టింది. గాలి వచ్చింది. చేట పట్టుబడ్డ పిట్టలా ఆమె వేళ్ల కింద వణికింది, గింజుకుంది, కానీ కదలలేదు. బొటనవేళ్లకు ఎంత బరువుంటుంది? గులకరాయిలో సగం ఉండదు. అయినా చేట ఆగింది. అప్పుడామెకు గాలి చేతులు కనిపించినట్టయింది. ఇన్నేళ్లుగా అది పైనుంచి కొడుతుందనుకున్నారు. కాదు, చూరు కింద అరచేయి పెట్టి పైకి లేపుతోంది. లేపేవాడి చేతి మీద రాళ్లు పేర్చుకుంటూ కూర్చున్నారు ఊరంతా.

"వదినె, రాయి పెడితె ఆగదే. పట్టుకుంటె ఆగుతది," అంది.

"ఏంది?"

"ఇల్లు."

వదినె ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని.

పట్టుకోవాలని తెలిసింది. కానీ ఇంటిని పట్టుకునేంత పెద్ద చెయ్యి ఎక్కడిది? దానికి ఇంకో ఏడాది పట్టింది. ధారూరు దగ్గర రైలు పట్టాల పక్కన తంతి స్తంభాలు కొత్తగా పాతుతున్నారు. ఆ పనికి నడుమ బొక్క కొట్టిన నాపరాళ్లు కావాలంటే గని నుంచి పంపారు. రాళ్లతో పాటు భాగమ్మ కూడా పోయింది. పట్టాలు మలుపు తిరిగేచోట ఒక స్తంభానికి మీది నుంచి ఏటవాలుగా ఒక తీగ దిగి నేలలోకి పోతోంది. ఆ తీగ కోసం తవ్విన గుంతలోకి ఆమె తెచ్చిన రాయిని దించుతున్నాడు శివయ్య అనే పనివాడు.

"అన్నా, గా రాయిని గుంతల ఎందుకు పెడుతున్నవ్? బరువు కావాలంటె పైన పెట్టాలె గద?"

శివయ్య నవ్వాడు. తీగ కొసను రాయి బొక్కలోంచి దూర్చి, కింద ఇనుప ముక్కకు చుట్టి మెలివేశాడు. "పైన పెడితె రాయి ఒక్కటే బరువు, చెల్లె. కింద పెడితె దాని మీదున్న భూమి గూడ బరువే. ఇగ ఈ స్తంభాన్ని గుంజాలంటె భూమిని లేపాలె. ఎవ్వని తరం?"

భాగమ్మ స్తంభం దగ్గరికి పోయి ఆ తీగ మీద చెయ్యి పెట్టింది. అది సన్నగా మోగుతోంది. గాలి ఉన్నా స్తంభం నిశ్చింతగా ఉంది. ఆమె తీగను పట్టుకుని అలా నిలబడిపోతే శివయ్యకు అనుమానం వచ్చింది.

"ఇది సర్కారుది. బారెడిచ్చిన నా నౌకరి పోతది. బజార్ల దొరుకుతది గిసుంటిదే. జంగు పట్టనిది చూసి తీస్కో."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి భీమయ్య మంచం దగ్గర కూర్చుని, నేల మీద బొగ్గుతో ఇల్లు గీసింది. ఆరు చోట్ల గోడ బయట ఆరు గుంతలు. ఒక్కో గుంతలో బొక్క కొట్టిన రాయి. రాయి బొక్కలోంచి రెండు పేటల తీగ పైకి వచ్చి, వాసం కొసను చుట్టి, మళ్లీ కిందికి. రేకులను వాసాలకు బిగించడానికి కొక్కేల్లా వంచిన మేకులు, వాన కారకుండా మేకు మేకు కింద తారు పూసిన తోలు బిళ్ల. కప్పు మీద ఒక్క రాయి కూడా లేదు.

భీమయ్య పక్కకు ఒరిగి ఆ బొమ్మలో గుంతలను ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. మూడేళ్లుగా అతనితో ఎవరూ పని మాట్లాడలేదు.

"రాళ్లకు బొక్కలు ఎవలు కొడుతరు?" అన్నాడు.

"నువ్వే. ఇంకెవలు?"

"పండుకోనా?"

"చేతులు పండుకోలేదు గద."

మరునాడు ఆమె ఒక రాయిని తెచ్చి మంచం పక్కన ఎత్తు మీద పెట్టింది. భీమయ్య పక్కకు ఒరిగి, సుత్తితో తట్టి, విని, "ఇది మంచిది," అన్నాడు. ఉలి చప్పుడు ఆ ఇంట్లో మూడేళ్ల తర్వాత మొదలైంది. ఎంకమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, మళ్లీ పోయి కూర్చుంది. ఆ రోజు రొట్టెలు మాడిపోయాయి.

కప్పు విప్పి కట్టడానికి మేస్త్రీ కావాలి. ఆ వాడలో ఇళ్లన్నీ కట్టింది చంద్రప్ప. సేడం నుంచి వచ్చినవాడు, కోపం వస్తే కన్నడం వచ్చేది. భాగమ్మ చెప్పింది విని, తాపీని బొచ్చెలో పడేశాడు.

"రాయి లేకుంట రేకు నిలుస్తదా? హౌదా? ఇల్లేమన్న బర్రెనా, గుంజకు కట్టేస్తె పడుండనీకి?"

"ఎన్ని గాలులొచ్చినయి మేస్త్రీ, కట్టేసిన బర్రె ఏనాడన్న ఎగిరిపోయిందా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. చంద్రప్ప ముఖం ఎర్రబడింది.

"నాకు పేరున్నది ఈ ఊర్ల. నీకు నచ్చినట్టు చేసుకో. గీ ఇల్లు చంద్రప్ప కట్టిండని మాత్రం ఎవ్వలకు చెప్పకు."

దాంతో గనిలో రాళ్లు మోసే ఆడవాళ్లే పనికి దిగారు. పద్మమ్మ అనే పక్కింటి ఆమె ముందు నిలబడింది. గుంత తవ్వడం వాళ్లకు కొత్త కాదు, రాయి దించడం కొత్త కాదు. ఛాతీ లోతు గుంతల్లో రాళ్లు దించి, తీగలు పైకి తీసి, మట్టీ రాతి చిప్పలూ వేసి దిమ్మిసలతో గట్టిపడేదాకా కొట్టారు. నిచ్చెన ఎక్కి వాసాలకు తీగలు చుడుతూ పద్మమ్మ పాడింది, కింద మిగతావాళ్లు అందుకున్నారు. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏందక్కా, ఇంటికి పగ్గాలేస్తున్నరా? యాడికన్న తోల్కపోతరా?" అని అడిగేవారు. "అవ్ తమ్మీ, హైదరాబాద్ దాక తోలుతం, ఎక్కుతవా?" అనేది పద్మమ్మ.

అసలు తగాదా చూరు దగ్గర వచ్చింది. పాత కప్పు గోడ దాటి రెండు మూరలు బయటికి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఎంకమ్మ ఆ చూరు నీడలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరించేది. గాలి చేయి పెట్టేది ఆ చూరు కిందే కాబట్టి, దాన్ని జానెడుకు కోసెయ్యాలంది భాగమ్మ.

"సూరు కోస్తె నేను యాడ కూసోవాలె? నీ నెత్తి మీదనా?"

"నీకు అలగ్ పందిరేస్త అత్తా. ఇంటికి తగలకుంట."

"గాలొస్తె?"

"పందిరి పోతది. పోనీ. నువ్వు ఇంట్ల ఉంటవు గద."

"నన్ను బయటికి దొబ్బి, మళ్ల ఇంట్ల పెడతదట," అని గొణిగింది ఎంకమ్మ. కానీ పందిరికి కంది కట్టెలు తానే ఏరి తెచ్చింది.

తీగ రెండు పేటల మధ్య ఇనుప చువ్వ దూర్చి తిప్పితే పేటలు మెలిపడి బిగుసుకుంటాయి. బిగిశాక చువ్వ కొసను గోడ రాయికి కట్టేస్తే సరి. ఎంత బిగించాలో మాత్రం భాగమ్మకు తెలియలేదు. మొదటి సాయంత్రం ఒక తీగను కట్టెతో తట్టింది. లోపలి నుంచి భీమయ్య గొంతు వినిపించింది.

"అది వదులున్నది. ఇంకొక్క మలుపు తిప్పు."

తిప్పింది. మళ్లీ తట్టింది.

"జర… ఆగు. గదే!"

ఆరు తీగలకూ ఆరు గొంతులు. పొద్దు వాలే వేళ ఆమె ఇంటి చుట్టూ తిరుగుతూ ఒక్కో తీగను తట్టేది, అతను లోపల పడుకుని ఒక్కోదానికి జవాబు చెప్పేవాడు. గోడకు ఇటూ అటూ వాళ్ల కాపురంలో అది కొత్త మాట. గాలి మెల్లగా వీచే రాత్రుల్లో ఇల్లంతా ఎక్కడో దూరంగా ఎవరో తంబూర శ్రుతి చేస్తున్నట్టు మోగేది.

1957 వైశాఖం చివరలో, పొద్దు ఇంకా రెండు బారలు ఉండగా, గనిలో భాగమ్మ నోట్లో రాతిపొడి రుచి మారింది. తలెత్తి చూసింది. పడమర అంతా ఇటుక బట్టీ నోరు తెరిచినట్టుంది. అందరితో పాటు పరుగెత్తింది.

ఆమె వచ్చేసరికి నలుగురు మగవాళ్లు అప్పటికే మంచం దగ్గర ఉన్నారు. ఒకడు కోడు మీద చెయ్యి కూడా వేశాడు.

"చెయ్యి తియ్యిరా," అన్నాడు భీమయ్య.

"మామా, ఈసారి గాలి మామూలుగ లేదు. పంతం పట్టకు."

"నేను ఈడనే పండుకుంట. మీ ఇండ్లు జూసుకోండ్రి, పోండ్రి."

వాళ్లు భాగమ్మ వైపు చూశారు. ఆ ఒక్క క్షణం ఆమెకు తన బొగ్గు బొమ్మ, కోట్‌పల్లి చేట, శివయ్య స్తంభం, అన్నీ పిల్లల ఆటల్లా అనిపించాయి. లెక్క తప్పితే పోయేది రేకులు కాదు. కప్పు కింద లేవలేని మనిషి ఉన్నాడు. అతను ఆమెను చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు, ఒక మేస్త్రీ ఇంకో మేస్త్రీని చూసే తీరు ఉంది.

"పోండ్రి తమ్మీ," అంది భాగమ్మ. "ఉంటడు."

వాళ్లు పోయారు. ఎంకమ్మ మూలనున్న రోకలి తీసుకుని వాకిట్లోకి విసిరింది. వాకిట్లో రోకలి పడితే గాలి దేవుడు శాంతిస్తాడని ఆమె నమ్మకం. భాగమ్మ ఆమెను లోపలికి లాగి, తలుపు మూసి గడియ పెట్టింది.

గాలి వచ్చింది. మొదట దుమ్ము, తర్వాత చప్పుడు, తర్వాత చప్పుడు తప్ప మరేమీ లేదు. ఎంకమ్మ పందిరి ఒక్క ఊపులో లేచి, రెక్కలు చాచిన పెద్ద పక్షిలా కిటికీ ముందు నుంచి పోయింది. రేకులు గుక్కపట్టాయి. వాసాలు మూలిగాయి. ఆరు తీగలూ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి. సన్నగా కాదు, గుడి గంటలన్నీ కలిపి కొట్టినట్టు. భాగమ్మ చేతులు తనకు తెలియకుండానే వాసం వైపు లేచాయి.

"దించు," అన్నాడు భీమయ్య. "పట్టుకోకు. అవే పట్టుకున్నయి."

అతను కళ్లు మూసుకున్నాడు. ఆ హోరులో అతను బండను తట్టి విన్నట్టు వింటున్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు.

"పడమటి మూల! పాట దిగింది. సువ్వ తెంపుకున్నది!"

భాగమ్మకు ఏ తేడా వినపడలేదు. కానీ అతని చెవిని ఆమె ఏనాడూ శంకించలేదు. తలుపు తీసుకుని బయటికి దూకింది. వడగండ్లు గులకరాళ్లలా వీపు మీద పడుతున్నాయి. గోడ పట్టుకుని పడమటి మూలకు చేరింది. చువ్వ కట్టు తెగిపోయి, మెలి మొత్తం విప్పుకుని, చువ్వ ఎటో ఎగిరిపోయింది. తీగ పేటలు వదులుగా ఊగుతున్నాయి. మీద వాసం కొస ఒక జానెడు లేస్తూ పడుతూ ఉంది. బొటనవేలు తీసేసిన చేటలా.

చుట్టూ చూసింది. బురదలో, కాళ్ల దగ్గర, ఎంకమ్మ విసిరిన రోకలి.

దాన్ని రెండు పేటల మధ్య దూర్చి, బరువంతా వేసి తిప్పింది. ఒక మలుపు. రెండో మలుపుకు తీగ ఆమె చేతుల్లో బిగుసుకుంది. గోడలోంచి, హోరులోంచి, అతని గొంతు వచ్చింది.

"ఇంకొక్క మలుపు!"

కాలు గోడకు తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి తిప్పింది. వాసం కిందికి దిగి గోడ మీద కూర్చుంది.

"ఆగు! గదే! గదే, భాగమ్మా!"

రోకలి కొసను గోడ రాతికి అడ్డంగా తొక్కిపెట్టి, తన కొంగు చింపి కట్టేసింది. తర్వాత అక్కడే కూర్చుండిపోయింది, రోకలిని కావలించుకుని, తల మీద వడగండ్లు పడుతుండగా. భుజానికి ఆనిన తీగ ఒళ్లంతా మోగిస్తోంది. భూమి కింద తాము పాతిన రాయి ఇంటిని చెయ్యి పట్టుకుని ఉండటం ఆమెకు ఎముకల్లో తెలిసింది. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నోట్లో మట్టి నిండినా ఆపలేదు.

గాలి వెలిసి ఎండ తిరిగి వచ్చినప్పుడు వాడంతా కొత్తగా కనిపించింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. కానీ కప్పుల చోట ఆకాశం ఉంది, ఇళ్లలో కప్పు రాళ్లు పడి కుండలు పగిలి ఉన్నాయి. చంద్రప్ప రేకులు మూడు గని నీళ్లలో తేలుతున్నాయి. ఎంకమ్మ పందిరి కూడా అక్కడే దొరికింది. ఆ వరసలో రాయి లేని కప్పు ఒక్కటే ఉంది, ఆ ఒక్కటే నిలిచి ఉంది. దాని కిందికి, పిల్లాపాపలతో, తడిసిన కోళ్లతో, పద్మమ్మ ఇంటివాళ్లతో మొదలై, సగం వాడ చేరింది. మంచం చుట్టూ మనుషులు కూర్చున్నారు. భీమయ్య ఒక్కో రేకునూ ఒక్కో తీగనూ చూపించి, ఏది ఏ గొంతుతో పాడిందో చెబుతున్నాడు. మోయడానికి వచ్చిన నలుగురూ అతని కాళ్ల దగ్గర కూర్చుని విన్నారు.

ఎంకమ్మ మాత్రం అందరికీ ఒకే కథ చెప్పింది.

"నా రోకలే ఆపింది గాలిని. నేను ఇసిరిన. మీరే జూడుండ్రి, యాడున్నదో."

భాగమ్మ కాదనలేదు. అబద్ధమేమీ లేదు కదా.

మరునాడు పొద్దున చంద్రప్ప తాపీ చేతపట్టుకుని వచ్చాడు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగాడు. తీగ పట్టుకుని ఊపాడు. రోకలి దగ్గర ఆగి గడ్డం గోక్కున్నాడు.

"నా ఇంటికి గుంత యాడ తవ్వాలె, సెప్పు," అన్నాడు.

"కూసో మేస్త్రీ, చాయ్ తాగు ముందు."

కూర్చున్నాడు. చాయ్ సగం తాగాక, కప్పు వైపు చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు. "గోడలైతె నేనే కట్టిన గద. గీ ఇల్లు చంద్రప్ప కట్టిండని ఇగ చెప్పుకోవచ్చునా?"

"సగం చెప్పుకో," అన్నాడు లోపలి నుంచి భీమయ్య.

ఆ ఏడు వానలు పడేలోపు ఆ వాడలో పదకొండు ఇళ్లకు పగ్గాలు పడ్డాయి. గుంతలు ఆడవాళ్లు తవ్వారు, బొక్కలు భీమయ్య కొట్టాడు, కప్పులు చంద్రప్ప ఎక్కాడు. కప్పుల మీది రాళ్లన్నీ దిగి వాకిళ్లలో పరుచుకున్నాయి, వాన బురదలో నడవడానికి. తర్వాతి వైశాఖంలో గాలి లేచినప్పుడు వాడంతా ఒకేసారి మోగింది. ఎవరూ వాసాలు పట్టుకుని వేలాడలేదు.

తర్వాత కబురు రైలు పట్టాల వెంట పోయింది. ధారూరు నుంచి పిలిచారు, వికారాబాద్ స్టేషన్ వెనక వాడ నుంచి పిలిచారు, కోట్‌పల్లి నుంచి, జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసిన వదినె పిలిచింది. భాగమ్మ ఒక్కతే పోయేది కాదు. తీగ ఎంత బిగించాలో చెప్పే చెవి ఇంట్లో ఉంది. అందుకని ఎడ్లబండిలో గడ్డి పరిచి, దాని మీద మంచం ఎక్కించేవారు. ఎక్కించడానికి ఆ నలుగురే వచ్చేవారు. నాలుగు కోళ్లకు నలుగురు.

"మెల్లగ," అనేవాడు భీమయ్య, తలకు రుమాలు చుట్టుకుంటూ. "పనికి పోతున్న."

1962 వేసవిలో దోమ అనే ఊరి దగ్గర ఒక పల్లెలో కొత్తగా వేసిన బడి కప్పుకు ఆఖరి తీగ బిగిస్తున్నారు. అప్పటికి భాగమ్మ జుట్టు చెవుల దగ్గర నెరిసింది. ఎంకమ్మ లేదు. ఆమె రోకలి మాత్రం తాండూరు ఇంటి పడమటి మూల తీగలో అలాగే ఉంది. జొన్నలు దంచడానికి వేరేది కొన్నారు గానీ దాన్ని ఎవరూ విప్పలేదు. బడి ముందు ఊరంతా పోగయింది. చెట్టు నీడలో బండి, బండి మీద భీమయ్య. భాగమ్మ చువ్వ తిప్పి, కట్టెతో తీగను తట్టింది.

అందరూ మాటలు ఆపారు. భీమయ్య తల కొంచెం వంచాడు.

"ఇంకొక్క మలుపు," అన్నాడు.

ఆమె తిప్పింది. తట్టింది. తీగ గొంతు బడి గోడల మీదుగా, కంది చేల మీదుగా, గాలి వచ్చే వైపుకు సాగిపోయింది.

"ఆగు," అన్నాడు భీమయ్య. "గదే."